ఒకే చీర, తెరకొక రంగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో కొన్ని వేరువేరు ఊళ్ల నుంచి, వేరువేరు వృత్తులవారి నుంచి వచ్చినా ఒకే చిక్కును ప్రస్తావించాయి: ఒక కంప్యూటర్‌లో సరిగా కనిపించిన బొమ్మ మరొక కంప్యూటర్‌లోనో, మరొక బ్రౌజర్‌లోనో వేరే రంగులో కనిపించడం. మొదటి ఉత్తరానికి ఇచ్చిన వివరణ మిగతావాటికి కూడా ఆధారం కాబట్టి పాఠకులు వీటిని వరుసలోనే చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా ఇంటి మగ్గాల మీద నేసిన పట్టుచీరలను రెండేళ్లుగా సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్నాము. నెమలికంఠం రంగు చీర ఒకదానిని మంచి కెమెరాతో ఫోటో తీసి, ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, చీరను ల్యాప్‌టాప్ పక్కనే పరిచి పోల్చుకొని, రంగు సరిపోయిందనుకున్న తర్వాతే సైటులో పెట్టాను. అమెరికాలో ఉన్న ఒక కొనుగోలుదారు ఆ చీరను తిప్పి పంపుతూ, ఫోటోలో వెలిసిన నీలంగా ఉన్నది చేతికి వచ్చేసరికి పచ్చగా ఉందని రాశారు. మా మరిది కంప్యూటర్‌లో చూస్తే నిజంగానే వెలిసినట్టుంది. మా అమ్మాయి ఫోనులో మాత్రం ఉన్నదానికంటే ఎక్కువగా మెరిసిపోతోంది. అందరికీ ఒకేలా కనిపించేటట్టు చేయగల అమరిక ఏదైనా ఉందా? — ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: అమ్మా, మీ కొనుగోలుదారు పొరబడలేదు, మీరూ పొరబడలేదు. ఇద్దరూ చూసిన ఫోటో ఒకటే అయినా ఇద్దరి కళ్లకూ చేరిన రంగు ఒకటి కాదు.

ఫోటో ఫైలులో ఉండేవి అంకెలు. ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని తెలిపే మూడు అంకెలు, సాధారణంగా 0 నుంచి 255 వరకు, రాసి ఉంటాయి. ఆకుపచ్చ 200 అని ఫైలులో ఉన్నప్పుడు ఆ 200 అంటే కంటికి ఎంత పచ్చదనమో ఆ అంకె చెప్పదు, దానిని వెలిగించే తెర నిర్ణయిస్తుంది. మల్లెపూలను మూరల లెక్కన కొన్నవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. మూడు మూరలు అంటే పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా మూడుసార్లు. ఆమె చేయి పొడుగైతే మాల పొడుగవుతుంది, పొట్టిదైతే మాల కురచవుతుంది, రెండు సందర్భాలలోనూ లెక్క మూడు మూరలే. ప్రతి తెరకూ తనదైన చేయి ఒకటి ఉంది. మీ ల్యాప్‌టాప్ మూర, మీ మరిదిగారి కంప్యూటర్ మూర, మీ అమ్మాయి ఫోను మూర వేరువేరు.

ఈ చిక్కు తీరాలంటే ఎవరి చేతితోనూ సంబంధం లేని ఒక కొలబద్ద ఉండాలి. అటువంటిది 1931 నుంచి ఉంది. వెలుతురు, రంగుల కొలతలను చూసే సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ, సగటు మనిషి కన్ను రంగులను ఎలా గ్రహిస్తుందో ప్రయోగాల ద్వారా లెక్కగట్టి, ఏ యంత్రంతోనూ పనిలేకుండా ఒక రంగును అంకెలలో చెప్పే పద్ధతిని ఆ ఏడాది ప్రకటించింది. కంప్యూటర్లు, స్కానర్లు, ప్రింటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసిన కాలం వచ్చినప్పుడు, 1993లో, కొన్ని పెద్ద కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘంగా ఏర్పడి, ఒక్కొక్క యంత్రపు అంకెలను ఆ ఉమ్మడి కొలబద్దకు ముడిపెట్టే చిన్న ఫైలుకు ఒక రూపం నిర్ణయించాయి. దానినే కలర్ ప్రొఫైల్ అంటారు. నా మాటల్లో చెప్పాలంటే అది ‘ఈ మూర ఇన్ని సెంటీమీటర్లు’ అని రాసి మాలకు కట్టిన చీటీ.

ఇక ఏ మూరను వాడాలన్నది తర్వాతి మాట. హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ఎస్ఆర్‌జీబీ అనే కొలతను ప్రతిపాదించగా, 1999లో అది ఐఈసీ 61966-2-1 అన్న సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆనాటి గాజు గొట్టపు మానిటర్లు చూపగలిగిన రంగులను దృష్టిలో పెట్టుకొని దానిని రూపొందించారు కాబట్టి అది కొంత ఇరుకైనది. అయినా వెబ్ అంతటికీ ఉమ్మడి భాష అదే. ఏ చీటీ లేని బొమ్మ కనిపిస్తే అది ఎస్ఆర్‌జీబీలో ఉన్నట్టుగానే భావించాలన్నది వెబ్ ప్రమాణాల నియమం. దీనికంటే విశాలమైనది 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ. అచ్చుపని కోసం ఉద్దేశించిన ఈ కొలతలో ఆకుపచ్చ, నీలిపచ్చ రంగుల వైపు చోటు చాలా ఎక్కువ. మీ నెమలికంఠం రంగు సరిగ్గా ఆ వైపునే ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలోని లక్షణాలను చూస్తే, కెమెరాలో రంగుల అమరిక అడోబ్ ఆర్‌జీబీకి మార్చి ఉన్నదని, ఫోటో ఆ కొలతలోనే సైటుకు చేరిందని నాకు తోస్తున్నది. మీరు పోల్చి చూసిన సాఫ్ట్‌వేర్ చీటీ చదివి రంగును సరిగా చూపింది. బొమ్మను సైటులోకి ఎక్కించేటప్పుడు ఫైలు బరువు తగ్గించే యంత్రాంగం ఆ చీటీని తీసి పారవేసింది. చాలా సైట్లలో ఈ పని ఎవరూ అడగకుండానే జరిగిపోతుంది. చీటీ లేని ఫైలు అందుకున్న బ్రౌజర్ నియమం ప్రకారం దానిని ఎస్ఆర్‌జీబీగా భావించింది. పొడుగు మూరతో కొలిచి రాసిన అంకెను పొట్టి మూరతో కొలిచి ఇచ్చినప్పుడు మాల ఎలా కురచవుతుందో, అలాగే మీ చీర వన్నె, ముఖ్యంగా అందులోని పచ్చదనం, తగ్గిపోయి వెలిసినట్టు కనిపించింది. మీ అమ్మాయి ఫోను సంగతి దీనికి ఎదురు. ఆ ఫోను తెర ఎస్ఆర్‌జీబీ కంటే చాలా విశాలమైనది అయి ఉంటుంది, రంగులను కావాలని పెంచి చూపే ‘వివిడ్’ అమరికలో కూడా ఉండి ఉంటుంది.

మీరు చేయవలసినది ఇది. ఫోటో సరిచేయడం పూర్తయిన తర్వాత, సైటు కోసం తీసే ప్రతిని ఎస్ఆర్‌జీబీలోకి మార్చండి. మార్చిన తర్వాత ఎస్ఆర్‌జీబీ చీటీని ఫైలులోనే ఉంచి దాచండి. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు కనుక వివరంగా చెప్పవలసి ఉన్నది. ఫోటోషాప్‌లో ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ అని ఒకటి, ‘అసైన్ ప్రొఫైల్’ అని మరొకటి పక్కపక్కనే ఉంటాయి. ఉచితంగా దొరికే గింప్‌లో కూడా ‘ఇమేజ్’ మెనూలో ‘కలర్ మేనేజ్‌మెంట్’ కింద ఈ రెండూ ఉన్నాయి. మొదటిది మాలను మరొక మూరతో మళ్లీ కొలిచి కొత్త అంకె రాస్తుంది, మాల పొడవు అలాగే ఉంటుంది. రెండవది అంకెను కదపకుండా చీటీని మాత్రం మారుస్తుంది, దానితో మాల పొడవే మారిపోతుంది. మీకు కావలసింది మొదటిది. వెబ్ కోసం దాచే అమరికలో ‘ఎస్ఆర్‌జీబీలోకి మార్చు’ అన్న గడి, ‘ప్రొఫైల్ చేర్చు’ అన్న గడి రెండూ ఉంటే రెండింటికీ టిక్కు పెట్టండి. ఒకవేళ సైటు ఆ చీటీని మళ్లీ తీసేసినా, అంకెలు ఎస్ఆర్‌జీబీలోనే ఉన్నాయి కనుక బ్రౌజర్ ఊహ సరైనదే అవుతుంది. మామూలు ఎస్ఆర్‌జీబీ చీటీ బరువు సుమారు మూడు కిలోబైట్లు. పేజీ త్వరగా తెరుచుకోవాలన్న తపనతో దానిని తీసేయమని సలహా ఇచ్చేవారున్నారు. వందలాది చిన్న బొమ్మలు ఉన్న పేజీకి ఆ సలహా సబబే కావచ్చు గాని, ఒక చీర ఫోటో వందలాది కిలోబైట్లు ఉన్నప్పుడు ఆ మూడింటి కోసం రంగును పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే నెమలికంఠం విషయంలో ఇంకొక మాట చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. ఈ రంగు ఒక రంగు కాదని మీకు నాకంటే బాగా తెలుసు. నీలం పడుగులోకి ఆకుపచ్చ పేకను నేసినప్పుడు, చూసే కోణాన్ని బట్టి ఒకసారి నీలం, ఒకసారి పచ్చ పైకి తేలి కనిపిస్తాయి. ఫోటో ఒక కోణాన్ని మాత్రమే పట్టగలదు. ఏ ప్రొఫైల్ అయినా, ఎంత ఖరీదైన మానిటర్ అయినా ఈ లోటును తీర్చలేవు. పరిచిన చీరను ఒక ఫోటో, కుచ్చిళ్లు పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకొన్న చీరను మరొక ఫోటో తీసి, చెంగును మెల్లగా కదిలిస్తూ కొద్ది క్షణాల వీడియో జతచేయండి. పడుగు ఏ రంగో, పేక ఏ రంగో మాటల్లో కూడా రాయండి. ‘ముదురు నీలం పడుగు, ఆకుపచ్చ పేక’ అన్న నాలుగు మాటలు కొనేవారికి చేసే మేలు చిన్నది కాదు.

ఫోటో తీసే చోటు గురించి కూడా ఒక మాట. కిటికీ వెలుతురు ఒకవైపు, ట్యూబులైటు మరొకవైపు పడుతున్నప్పుడు చీరలోని రెండు సగాలు రెండు రంగులలో వస్తాయి, తర్వాత వాటిని కలపడం ఎవరి తరమూ కాదు. ఒకటే వెలుతురులో, వీలైతే ఎండ నేరుగా పడని పగటి నీడలో తీయండి. మొదటి ఫోటోలో చీర పక్కన తటస్థమైన బూడిదరంగు కార్డు ఒకటి పెట్టి, ఆ కార్డు ఆధారంగా తెలుపును సరిచేసి, అదే సవరణను మిగతా ఫోటోలకు వర్తింపజేయండి. దుకాణంలో ఎంచుకొన్న జాకెట్టు ముక్కను వీధిలోకి తెచ్చి చీరతో సరిపోయిందో లేదో చూసే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు రంగద్దకాలు మరొక వెలుతురులో విడిపోవడం వల్లనే ఆ అలవాటు పుట్టింది, కెమెరాకూ ఆ ఇబ్బంది తప్పదు.

ప్రశ్న: నేను వెబ్ పేజీలు రూపొందిస్తాను. ఒక ఖాతాదారు లోగో వెనుక ఉన్న ఇటుక రంగు, పేజీ నేపథ్యానికి ఇచ్చిన ఇటుక రంగు ఒకే సంకేతం. అయినా కొందరి కంప్యూటర్లలో లోగో చుట్టూ ఒక డబ్బా గీసినట్టు తేడా కనిపిస్తున్నది. ఒక బ్రౌజర్‌లో కనిపించే డబ్బా అదే కంప్యూటర్‌లోని మరొక బ్రౌజర్‌లో కనిపించడం లేదు. దోషం ఎక్కడుంది? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ పేజీలో రెండు రకాల రంగులున్నాయి: బొమ్మ ఫైలులోని రంగు, పేజీ సంకేతాలలో మీరు రాసిన రంగు. రెండింటినీ బ్రౌజర్ ఒకే దారిన తెరకు పంపితే డబ్బా కనిపించదు. ఒకదానికి ప్రొఫైల్ లెక్క కట్టి, మరొకదానిని ఉన్నదున్నట్టుగా పంపితే కనిపిస్తుంది.

ఈ తేడాకు చరిత్ర ఉంది. 1996లో బొమ్మలను దాచే పీఎన్‌జీ అనే ఫైలు పద్ధతి వచ్చినప్పుడు, బొమ్మను ఏ గామాతో తయారుచేశారో ఫైలులోనే రాసుకొనే ఏర్పాటు అందులో చేశారు. గామా అంటే అంకె పెరిగేకొద్దీ వెలుగు ఏ వంపులో పెరుగుతుందో తెలిపే సంఖ్య. అప్పట్లో విండోస్ కంప్యూటర్లు సుమారు 2.2ను, మాకింతోష్‌లు 1.8ను వాడుతుండేవి కనుక, మాక్‌లో తయారైన బొమ్మ విండోస్‌లో చీకటిగా, విండోస్ బొమ్మ మాక్‌లో పాలిపోయినట్టు కనిపించేవి. ఆ తేడాను తీర్చడానికే ఆ ఏర్పాటు. సదుద్దేశంతో చేసిన ఈ పనిలో చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొన్ని బ్రౌజర్లు ఆ సంఖ్యను చదివి బొమ్మను మాత్రం సవరించి, పేజీ రంగులను సవరించకుండా వదిలేశాయి. ఫలితంగా లోగోల చుట్టూ డబ్బాలు వెలిశాయి. విసిగిపోయిన రూపకర్తలు పీఎన్‌జీ ఫైళ్ల నుంచి ఆ సంఖ్యను ఏరివేయడం మొదలుపెట్టారు. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే వ్యవస్థ నుంచి మాక్ కూడా 2.2కే మారినందువల్ల ఆ పాత గొడవ సద్దుమణిగింది.

ఇప్పటి డబ్బాకు కారణం వేరు. మాక్‌లో ఉండే సఫారీ బ్రౌజర్ మొదటి నుంచి ప్రొఫైళ్లను చదువుతూ వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సౌకర్యం 2008లో మూడవ వెర్షన్‌లో వచ్చినా మూసి ఉండేది, మరుసటి ఏడాది 3.5 వెర్షన్‌లో తెరిచారు. అయితే అది చీటీ ఉన్న బొమ్మలను మాత్రమే సవరించే పద్ధతిలో తెరుచుకొంది. ఫైర్‌ఫాక్స్ లోపలి అమరికలు ఉండే అబౌట్ కాన్ఫిగ్ పుటలో కలర్ మేనేజ్‌మెంట్ మోడ్ అనే అమరికలో 0 అంటే ఏదీ సవరించకు, 1 అంటే అన్నిటినీ సవరించు, 2 అంటే చీటీ ఉన్న బొమ్మలను మాత్రమే సవరించు అని అర్థం. విశాలమైన రంగులు చూపే మానిటర్ ఉన్నవారి ఫైర్‌ఫాక్స్ ఈ 2లో ఉన్నప్పుడు, ప్రొఫైల్ ఉన్న మీ లోగో మెత్తగా, సరైన ఇటుక రంగులో కనిపిస్తుంది; పేజీ నేపథ్యం మాత్రం సవరణ లేకుండా తెర మొత్తం వన్నెతో ఎర్రగా మండుతుంది. అదే కంప్యూటర్‌లోని క్రోమ్ పేజీ రంగులను కూడా ఎస్ఆర్‌జీబీగా లెక్కగట్టి సవరిస్తుంది కనుక అక్కడ డబ్బా కనిపించదు. మీరు చెప్పిన లక్షణం దీనికి సరిగ్గా సరిపోతున్నది.

చూసేవారి అమరికలను మనం మార్చలేము కనుక, రెండు రంగులు కలిసే అంచునే లేకుండా చేయడం నా సలహా. లోగో వెనుక రంగు నింపకుండా పారదర్శకంగా ఉంచి, ఇటుక రంగును పేజీయే ఇచ్చేటట్టు చేయండి. లోగో గీతలతో కూడినదైతే, బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచే ఎస్‌వీజీ పద్ధతిలో దాచండి. అప్పుడు దాని రంగులు కూడా పేజీ రంగుల దారినే నడుస్తాయి. లోగోను జేపెగ్‌గా దాచి ఉంటే మరొక కారణం కూడా తోడవుతుంది. జేపెగ్ కుదింపులో రంగుల అంకెలు ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ జరుగుతాయి. ఫోటోలో ఆ తేడాను ఎవరూ కనిపెట్టలేరు గాని, ఒకే రంగు పరుచుకొన్న చోట కన్ను దానిని ఇట్టే పట్టేస్తుంది.

పాత పుస్తకాలలో కనిపించే ‘వెబ్‌కు క్షేమమైన 216 రంగులు’ అనే పట్టికను వాడవచ్చా అని కూడా మీ ఉత్తరం చివర అడిగారు. ఒక్కో ప్రాథమిక రంగుకు ఆరు మెట్ల చొప్పున ఆరును ఆరుతో, మళ్లీ ఆరుతో హెచ్చించగా వచ్చిన సంఖ్య అది. తెరలు ఒకేసారి 256 రంగులు మాత్రమే చూపగలిగిన కాలంలో చుక్కలు చుక్కలుగా విడిపోకుండా ఉండడానికి అది ఉపయోగపడింది. రెండు తెరల మధ్య రంగు ఒకేలా ఉండాలన్న మన సమస్యను అది ఏనాడూ తీర్చలేదు, దానిని వదిలేయవచ్చు.

ప్రశ్న: పెళ్లి ఫోటోలు తీస్తాను. మానిటర్ రంగులను సరిచేసే పరికరం కొనాలని అనుకుంటున్నాను, కాని తోటి ఫోటోగ్రాఫర్లు ‘చూసేవాళ్లంతా ఫోనుల్లోనే చూస్తారు, ఒక్కొక్కరి ఫోను ఒక్కో రకం, నీ మానిటర్ సరిగా ఉంటే ఏం, లేకపోతే ఏం’ అంటున్నారు. వారి మాట నిజమేనా? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వారి మాటలో మొదటి సగం నిజం. రెండవ సగాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మీ ఫోటోను వందమంది చూస్తే వంద తెరలు వందరకాలుగా తప్పుతాయి. కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా, కొన్ని చీకటిగా చూపుతాయి. మీ ఫైలులోని అంకెలు సరైన చోట ఉంటే ఆ తప్పులు సరైన రంగుకు నాలుగువైపులా చెదిరి ఉంటాయి, వాటిలో చాలావరకు దగ్గరగానే ఉంటాయి. మీ మానిటర్ నీలంగా చూపుతున్నదనుకోండి. అది తెలియక మీరు ప్రతి ఫోటోకు పసుపు కలుపుతూ పోతారు, ఆ పసుపు వందమందికీ చేరుతుంది. నీలంగా చూపే తెరలో అది కొంత సర్దుకొంటుంది, మామూలు తెరలో పచ్చకామెర్లలా కనిపిస్తుంది, అసలే పసుపుగా చూపే తెరలో చూడలేము. చూసేవారి వంద తెరల తప్పులు ఎవరికి వారివి, మీ తెర తప్పు మాత్రం అందరి తప్పూ అవుతుంది. పెళ్లి ఫోటోలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మంగళస్నానం నాటి పసుపు, తలంబ్రాల పసుపు, పెళ్లికూతురి మధుపర్కాల తెలుపు ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు, తెలుపు కొద్దిగా పక్కకు జరిగితే పసుపు పూసిన చర్మం ఏ రంగులోకి వెళుతుందో మీకు తెలియనిది కాదు.

కలరీమీటర్ అనే ఆ పరికరాన్ని తెరకు ఆనించినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క రంగునూ తెరమీద చూపుతుండగా అది వచ్చిన వెలుగును కొలుస్తుంది. ఇందులో రెండు పనులు కలిసి ఉన్నాయి. మొదటిది, తెర తెలుపును, వెలుగును, గామాను మీరు కోరిన చోటికి తేవడం. వెబ్ పనికి తెలుపును 6500 కెల్విన్ దగ్గర, గామాను 2.2 దగ్గర, వెలుగును చదరపు మీటరుకు సుమారు 120 కాండెలాల దగ్గర ఉంచడం వాడుక. రెండవది, ఆ స్థితిలో తెర ఎలా ప్రవర్తిస్తున్నదో నమోదుచేసి ప్రొఫైల్ తయారుచేయడం. మొదటి ఉత్తరంలో చెప్పిన చీటీ ఫోటోదైతే ఇది తెరది, రంగు సరిగా రావాలంటే రెండూ కావాలి. కొలిచే ముందు మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచండి, తెరమీద కిటికీ వెలుతురు పడనివ్వకండి, కళ్లకు హాయి కోసం రాత్రిపూట తెరను పసుపుగా మార్చే అమరికను పూర్తిగా తీసేయండి. తెర వన్నె కాలంతో తగ్గుతుంది కనుక నెలకో రెండు నెలలకో ఒకసారి మళ్లీ కొలవాలి. పరికరంతో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఆర్గిల్ సీఎంఎస్, డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా పరికరాలతో పనిచేస్తాయి.

ఒక హెచ్చరిక చేయాలి. విండోస్‌లో తెర ప్రొఫైల్‌ను స్థాపించినంత మాత్రాన అన్ని సాఫ్ట్‌వేర్లూ దానిని వాడవు. చదవడం తెలిసిన సాఫ్ట్‌వేర్ మాత్రమే చదివి లెక్కగడుతుంది, తక్కినవి అంకెలను నేరుగా తెరకు పంపుతాయి. అందువల్లనే ఒకే ఫోటో ఒకే మానిటర్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకలా, మామూలుగా ఫోటోలు చూసే సాఫ్ట్‌వేర్‌లో మరొకలా కనిపిస్తుంది. మాక్‌లో కలర్‌సింక్ అనే వ్యవస్థ ఈ లెక్కను చాలావరకు తనే చూసుకొంటుంది. విండోస్ 11లో కూడా, తగిన మానిటర్, గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట, ఈ పనిని వ్యవస్థే చేసే అమరిక 2022 నాటి కొత్త రూపం నుంచి వచ్చింది.

వధూవరుల కుటుంబాలకు ఫోటోలు అప్పగించేటప్పుడు ఒక చిన్న కాగితం జతచేయండి: ఫోనులో రంగుల అమరికను ‘వివిడ్’ నుంచి ‘న్యాచురల్’కు మార్చుకోమని, రాత్రి అమరికను ఆపి చూడమని రెండు వాక్యాలు రాస్తే చాలు. చదివినవారు కొందరే ఉన్నా, ఆల్బమ్ అచ్చుకు రంగులు ఖాయం చేసే పెద్దమనిషి వారిలో ఒకరైతే మీకు ఎంతో శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: మా తెలుగు సంఘం ప్రత్యేక సంచిక ముఖచిత్రాన్ని అచ్చుకు ఇచ్చిన ఫైలునే వెబ్ పేజీలో పెట్టాము. అచ్చులో చక్కగా ఉన్న రంగులు తెరమీద కొన్ని చోట్ల కొట్టొచ్చినట్టు, కొన్ని చోట్ల మసకగా ఉన్నాయి. — ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఆ ఫైలు సీఎంవైకేలో ఉంది, అంటే అందులోని అంకెలు వెలుగు పాళ్లు కాక నాలుగు సిరాల పాళ్లు. అవి కూడా ఒక ప్రత్యేకమైన కాగితం మీద, ఒక ప్రత్యేకమైన యంత్రం వేసే సిరాకు సరిపోయే పాళ్లు. వాటిని వెలుగులోకి మార్చే పనిని అన్ని బ్రౌజర్లూ ఒకేలా చేయవు. అచ్చుకు మార్చకముందు చిత్రకారుడి దగ్గర ఉన్న ఆర్‌జీబీ ఫైలును, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల పాళ్లు ఉన్న ఫైలును, అడిగి తెచ్చుకొని, దాని నుంచి ఎస్ఆర్‌జీబీ ప్రతిని తీయండి. అది దొరకకపోతేనే సీఎంవైకే నుంచి మార్చండి, ఎందుకంటే సిరాకు అందని రంగులు ఆ ఫైలులో ఇప్పటికే పోయి ఉంటాయి.

ప్రశ్న: నా కొత్త ఫోను తీసే ఫోటోలు ‘డిస్‌ప్లే పీ3’ అనే ప్రొఫైల్‌తో వస్తున్నాయి. వాటిని అలాగే వెబ్‌లో పెట్టవచ్చా? అన్నిటికంటే ముందు, నా బ్రౌజర్, నా సైటు ఈ ప్రొఫైళ్లను చదువుతున్నాయో లేదో తెలుసుకొనే మార్గం ఏమిటి? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: డిజిటల్ సినిమా ప్రొజెక్టర్ల కోసం నిర్ణయించిన పీ3 రంగులను తీసుకొని, తెలుపును, గామాను కంప్యూటర్ తెరలకు తగినట్టు మార్చి యాపిల్ తయారుచేసినది డిస్‌ప్లే పీ3. 2015లో ఐమాక్ తెరలతోను, మరుసటి ఏడాది ఐఫోన్ 7తోను అది మామూలు జనానికి చేరింది. ఆండ్రాయిడ్‌లో ఇటువంటి విశాలమైన రంగుల లెక్క 2017 నాటి ఎనిమిదవ వెర్షన్ నుంచి ఉంది. ఎస్ఆర్‌జీబీ కంటే ఇందులో సుమారు నాలుగో వంతు ఎక్కువ చోటు ఉంది, బంతిపువ్వు నారింజ, మందార ఎరుపు వంటివి ఇందులో మరింత నిండుగా వస్తాయి. చీటీ చెక్కుచెదరకుండా చేరేటట్టయితే ఈ ఫోటోలను ఇప్పటి బ్రౌజర్లకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. ఇరుకైన తెర ఉన్నచోట ఆ బ్రౌజర్లే రంగులను కుదించి చూపుతాయి. చీటీ పోతుందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎస్ఆర్‌జీబీలోకి మార్చడమే మేలు. రెండు ప్రతులనూ ఉంచి, విశాలమైన తెర ఉన్నవారికి ఒకటి, లేనివారికి ఒకటి చూపే ఏర్పాటు కూడా వెబ్ సంకేతాలలో ఉంది. బొమ్మలే ప్రాణమైన సైటుకు ఆ శ్రమ తగినదే.

పరీక్షకు పరికరం ఏదీ అక్కరలేదు. రంగులు బాగా ఉన్న ఒక ఫోటోను తీసుకొని ఎస్ఆర్‌జీబీలో ఒక ప్రతి దాచండి. అదే ఫోటోను ప్రోఫోటో ఆర్‌జీబీ అనే చాలా విశాలమైన కొలతలోకి మార్చి, ప్రొఫైల్‌తో సహా రెండవ ప్రతి దాచండి. మార్చాలి సుమా, చీటీ మాత్రమే మార్చకూడదు. రెండింటినీ బ్రౌజర్‌లో పక్కపక్కన తెరవండి. రెండూ ఒకేలా కనిపిస్తే ఆ బ్రౌజర్ చీటీని చదువుతున్నది. రెండవది రంగు కడిగేసినట్టు కనిపిస్తే చదవడం లేదు. బ్రౌజర్ సంగతి తేలాక ఆ రెండవ ప్రతినే మీ సైటులోకి ఎక్కించి, పేజీలో కనిపించే బొమ్మను తిరిగి మీ కంప్యూటర్‌లోకి దించుకొని, అదే బ్రౌజర్‌లో మొదటి ప్రతి పక్కన తెరవండి. ఇంటి దగ్గర బాగున్న బొమ్మ సైటు నుంచి వచ్చాక వెలిసిపోయి ఉంటే, చీటీ దారిలో పోయిందన్నమాట. అప్పుడు సైటు నడిపేవారిని బొమ్మలు కుదించే అమరికలో ప్రొఫైల్‌ను ఉంచమని అడగండి, వారు కుదరదంటే ఆ సైటుకు వెళ్లే ప్రతి ఫోటోను ముందే ఎస్ఆర్‌జీబీలోకి మార్చి పంపండి.